గేర్ రాడ్ పార్క్‌లో ఇరుక్కుపోయిందా? లాగకండి, ముందు బ్రేక్ లైట్లు చూడండి

ఒడిశాలో దేవమాలి కొండ మీద బండి ఆపి, మబ్బులు చూసి, ఫోటోలు తీసుకుని తిరిగొచ్చి కూర్చున్నారు. ఇంజిన్ స్టార్టయింది, బ్రేక్ తొక్కారు, గేర్ రాడ్ మాత్రం పి (పార్క్) దగ్గర నుంచి కదలడం లేదు. వెనక సీట్లో పిల్లలు, పక్కన అత్తయ్యగారు. కిందికి దిగి సెమిలిగుడ వెళ్తే గానీ మెకానిక్ దొరకడు.

ఇలాంటి ఫోన్లు నాకు తరచుగా వస్తాయి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మనవాళ్లు విశాఖపట్నం నుంచి సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ బండ్లు తెచ్చుకుంటున్నారు, ఇక్కడి మెకానిక్‌లలో చాలామంది చెయ్యి మాన్యువల్ గేర్‌కే అలవాటు. అందుకని అందరూ అడిగేది ఒకటే, నేను చెప్పేదీ ఒకటే. ఒకేచోట రాసేస్తున్నాను, ఫోన్‌లో దాచుకోండి, ఘాట్‌లో సిగ్నల్ ఉండదు.

మొదట ఒక మాట. మీ బండిలో అసలు పి ఉందా? సెలెరియో, వ్యాగన్ ఆర్, డిజైర్ లాంటి వాటిలో వచ్చే ఏజీఎస్, టియాగో ఏఎంటీ, ఇవన్నీ లోపల మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే, గేర్ మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. వాటిలో ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (డ్రైవ్) ఉంటాయి గానీ పి ఉండదు. మన దేశంలో 2014లో సెలెరియోతో మొదలైన రకం ఇది. ఆ బండ్లవాళ్లకు ఈ పద్ధతి వర్తించదు. సిటీ, అమేజ్ సీవీటీ, క్రెటా ఆటోమేటిక్, బ్రెజా పెట్రోల్ ఆటోమేటిక్, ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ లాంటివి ఉన్నవాళ్లు చదవండి. గేర్ రాడ్ బదులు గుండ్రటి నాబ్ గానీ బటన్లు గానీ ఉన్న కొత్త బండ్ల గురించి చివర్లో చెప్తాను.

ఎందుకు ఇరుక్కుంటుంది

పి లో పెట్టగానే రెండు తాళాలు పడతాయి. ఒకటి గేర్‌బాక్స్ లోపల: చిన్న ఇనుప కొక్కెం ఒకటి పళ్ల చక్రంలో పడి చక్రాలు తిరగకుండా పట్టుకుంటుంది. రెండోది గేర్ రాడ్ కింద: ఇది కరెంటుతో తెరుచుకునే తాళం. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి మీరు బ్రేక్ తొక్కితే పెడల్ దగ్గరి స్విచ్ కబురు పంపుతుంది, రాడ్ కింద ఉన్న సోలినాయిడ్ ‘టిక్’ మని తాళం తీస్తుంది. చాలా బండ్లలో అదే స్విచ్ వెనక బ్రేక్ లైట్లను కూడా వెలిగిస్తుంది. అందుకే ముందు బ్రేక్ లైట్లు చూడమంటున్నాను, సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

దగ్గర ఉండాల్సినవి

టార్చ్ (ఫోన్‌ది సరిపోతుంది), సన్నని చదును స్క్రూడ్రైవర్, దాని మొనకు చుట్టడానికి చిన్న గుడ్డముక్క, చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు మంచి రాళ్లు గానీ ఇటుకలు గానీ, 10, 15 ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి, జంపర్ కేబుళ్లు. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం కూడా. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ల దగ్గర అది ఉండదు, కంపెనీ సైట్ నుంచి ఇంట్లో ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఇప్పుడు ఒక్కొక్కటిగా

1. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగండి. చక్రాలకు పల్లం వైపున రాళ్లు పెట్టండి. నేల చదునుగా కనిపించినా పెట్టండి. తాళం విడిపోయిన క్షణం నుంచి మీ బండిని ఆపేవి హ్యాండ్‌బ్రేకూ మీ కాలూ మాత్రమే. బండి ముందూ వెనకా పిల్లలు నిలబడకుండా చూసుకోండి. ఈ మెట్టు దాటేసి ముందుకు వెళ్లొద్దు, చేతులు జోడించి చెప్తున్నాను.

2. ఇగ్నిషన్ నిజంగా ఆన్‌లో ఉందా చూడండి. పాటలు వస్తున్నాయి కదా అని ఆన్ అనుకుంటారు, అది ఏసీసీ (పాటల్లాంటివి మాత్రమే పనిచేసే స్థితి) మాత్రమే, ఎక్కువ బండ్లలో ఆ స్థితిలో తాళం తెరుచుకోదు. పుష్ బటన్ బండి అయితే బ్రేక్ తొక్కకుండా రెండుసార్లు నొక్కండి, మీటర్‌లో హెచ్చరిక లైట్లన్నీ వెలగాలి. ఇంజిన్ స్టార్టయితే ఇంకా మంచిది.

3. బ్రేక్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కితే రాయిలా బిగుసుకుపోతుంది, అందులో సహాయం చేసే వాక్యూమ్ అయిపోతుంది కాబట్టి. అప్పుడు మామూలు బలంతో తొక్కితే పెడల్ కిందికి దిగదు, స్విచ్‌కు తెలియదు. కుర్చీ ముందుకు జరుపుకుని పూర్తి కాలితో తొక్కండి. పెడల్ కింద మ్యాట్ మడతపడి ఉందేమో, నీళ్ల బాటిల్ దొర్లి వచ్చిందేమో కూడా చూడండి. ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్లు వేసుకునేవాళ్లకు ఇది ఎక్కువ.

4. బ్రేక్ తొక్కి ఉంచి వెనక లైట్లు వెలుగుతున్నాయా చూడమని పక్కవాళ్లకు చెప్పండి. ఒంటరిగా ఉంటే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి వెనక రాయి మీద ఆనించి వచ్చి తొక్కండి. మూడూ వెలగకపోతే ఫ్యూజో స్విచ్చో పోయిందని. పైన అద్దం దగ్గరిది వెలిగి కింద రెండూ వెలగకపోతే బల్బులు పోయాయని అర్థం, స్విచ్ బాగానే ఉంది. వెలిగినా స్విచ్‌ను పూర్తిగా నమ్మకండి, కొన్ని స్విచ్‌లలో లైట్లకు ఒక జత, కంప్యూటర్‌కు ఇంకో జత తీగలు ఉంటాయి, ఒకటి పనిచేసి రెండోది పోవచ్చు.

5. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఏసీ ఫ్యాన్, పాటలు ఆపేసి, చెవి గేర్ రాడ్ దగ్గర పెట్టి బ్రేక్ తొక్కండి. ‘టిక్’ అని వినిపించాలి. వినిపించిందంటే కరెంటు వైపు బాగుంది, సమస్య బరువుదో, రాడ్ మీది బటన్‌దో, లోపల ఏదో అడ్డుపడిందో. వినిపించకపోతే ఫ్యూజు, స్విచ్, బ్యాటరీ, సోలినాయిడ్, వీటిలో ఏదో ఒకటి.

6. శబ్దం వచ్చినా రాడ్ కదలడం లేదు, బండి వాలు మీద ఉంది అంటే, బండి బరువంతా ఆ చిన్న కొక్కెం మీద పడి బిగుసుకుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే దారిలో టీ కోసం ఆగినవాళ్లకు జరిగేది ఇదే. బ్రేక్ తొక్కి, బటన్ పూర్తిగా నొక్కి, రాడ్‌ను ఒక్కసారి నిటారుగా, స్థిరంగా లాగి చూడండి. ‘ధణ్’ మని వదిలితే కంగారు పడకండి, కొక్కెం విడిపోయిన చప్పుడే అది. రాకపోతే రెండోసారి బలం పెంచొద్దు. వాలు కొద్దిగానే ఉంటే ఇద్దరు మనుషులు తలుపుల పక్కనుంచి, ద్వారం చట్రం పట్టుకుని, బండిని ఎత్తు వైపుకు తోయాలి. పల్లం వైపు బండికి ఎదురుగా నిలబడి ఎవరూ తోయకూడదు. ఆ సమయానికి ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ దించి ఉండాలి, మీ కాలు బ్రేక్ మీద ఆనించి ఉండాలి. బండి వేలెడంత కదలగానే బ్రేక్ గట్టిగా తొక్కి రాడ్‌ను ఎన్ లోకి తీసి వెంటనే హ్యాండ్‌బ్రేక్ వెయ్యండి. వాలు నిటారుగా ఉంటే మనుషులతో వద్దు, పైవైపు ఇంకో కారు నిలిపి టోయింగ్ బెల్ట్‌తో కొంచెం లాగించండి.

7. శబ్దం రాకపోతే షిఫ్ట్ లాక్ రిలీజ్ వాడండి, అంటే రాడ్ కింది తాళాన్ని చేత్తో తీసే ఏర్పాటు. గేర్ రాడ్ పక్కన, సాధారణంగా పి అక్షరం దగ్గర్లో, గోరంత ప్లాస్టిక్ మూత ఉంటుంది. కొన్ని బండ్లలో మూత కింద బటన్, కొన్నిటిలో తాళంచెవి మొన దూరే సన్నని గాడి, ఇంకొన్నిటిలో మూతే లేకుండా నేరుగా చిన్న బటన్. స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి మూత మెల్లగా పైకి లేపండి, మూత జేబులో వేసుకోండి, సీటు కింద పడితే మళ్లీ దొరకదు. ఇప్పుడు బ్రేక్ తొక్కి, ఒక చేత్తో ఆ గాడిలో స్క్రూడ్రైవర్ గానీ తాళంచెవి గానీ నిలువుగా నొక్కి పట్టుకుని, రెండో చేత్తో రాడ్ మీది బటన్ నొక్కి ఎన్ లోకి లాగండి. ఆర్ దాటి ఎన్ లో ఆగండి, ఒక్క ఊపున డి దాకా పోకండి. ఇగ్నిషన్ ఏ స్థితిలో ఉండాలో బండిని బట్టి మారుతుంది, మాన్యువల్ చెప్పినట్టే చెయ్యండి.

8. ఎన్ లో ఉండగానే, బ్రేక్ మీద కాలు ఉంచి ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి. ఆటోమేటిక్ బండి పి లోనే కాదు, ఎన్ లో కూడా స్టార్టవుతుంది. ఆ తర్వాత రాళ్లు తీయించి, హ్యాండ్‌బ్రేక్ దించి, డి లో వేసి మెల్లగా కదలండి. ఇల్లో గ్యారేజో చేరేదాకా మళ్లీ పి లో పెట్టకుండా ఉండడం మేలు, మధ్యలో ఆగాలంటే ఎన్ లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రానికి రాయి పెట్టి, డ్రైవర్ సీట్లోనే ఉండండి.

బ్రేక్ లైట్లు వెలగని బండిని ఇలా తీసుకుని రాత్రిపూట ఘాట్ దిగొద్దు. వెనక వచ్చే లారీకి మీరు ఆగుతున్నారని తెలియదు. ఫ్యూజు మార్చి లైట్లు వచ్చాకే బయల్దేరండి, లేదా తెల్లారేదాకా ఆగండి.

ఫ్యూజు సంగతి

డ్రైవర్ కాళ్ల దగ్గర డ్యాష్‌బోర్డు కింద ఒక పెట్టె, బోనెట్ కింద ఇంకో పెట్టె ఉంటాయి. మూత వెనక పటం ఉంటుంది, స్టాప్ అని రాసి ఉన్నదే మీకు కావాల్సింది. ఇగ్నిషన్ ఆపి, పెట్టెలో ఉండే ప్లాస్టిక్ పట్టకారుతో లాగి వెలుతురుకు పెట్టి చూడండి, లోపలి తీగ తెగి ఉంటుంది. అదే రంగుది పెట్టండి: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు. దొరకలేదని పెద్దది పెట్టకండి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టకండి, తీగలు కాలతాయి. కొత్తది కూడా వెంటనే పోతే వెనక లైట్ హోల్డర్‌లోకి నీళ్లు దిగాయేమో, అందానికి పెట్టించుకున్న అదనపు బ్రేక్ లైట్ వైరు రేకుకు తగులుతోందేమో చూపించాలి. నేను చూసిన వాటిలో ఎక్కువ ఈ అదనపు లైట్ల పనే.

మా చిన్నాన్న బండి

గుణుపురంలో మా చిన్నాన్న బండికి ఇది విశ్వకర్మ పూజ నాడు జరిగింది. ఇక్కడ ఉంటున్నవాళ్లకు తెలుసు కదా, సెప్టెంబర్ 17న గ్యారేజీల్లో పనిముట్లకు పూజ చేస్తారు గానీ వాటిని పట్టుకోరు. పొద్దున్నే పార్వతీపురం వెళ్లాలని కూర్చుంటే మీటర్ కూడా వెలగలేదు, గేర్ రాడ్ కదల్లేదు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే పూజలో ఉండి కూడా ఒక్క ప్రశ్న అడిగాడు: “బ్రేక్ లైట్ జళుఛి కి?” వెలుగుతున్నాయా అని. ఇప్పుడు వెలగడం లేదన్నాం. అప్పుడు పిన్ని అంది, “రాత్రి గోడ మీద ఎర్రగా పడుతూనే ఉంది, మీరే ఏదో వేసి ఉంచారనుకున్నాను” అని.

టార్చ్ వేసి పెడల్ కింద చూస్తే మ్యాట్ మీద అరిగిపోయిన ప్లాస్టిక్ ముక్కలు, చేత్తో తీస్తే ఎండిన బిస్కెట్‌లా పొడి అయిపోతున్నాయి. పెడల్ చేతికి ఒక చిన్న రంధ్రం, అందులో బిగించి ఉండే స్టాపర్ ముక్క అది. స్విచ్ మొన దాన్ని ఆనుకుని లోపలికి నొక్కుకుని ఉండాలి. ముక్క విరిగితే మొన రంధ్రంలోంచి బయటికి వచ్చేస్తుంది, బ్రేక్ తొక్కినట్టే బండికి అనిపిస్తుంది, రాత్రంతా లైట్లు వెలిగి బ్యాటరీ అయిపోతుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది: ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే బ్రేక్ తొక్కకుండానే రాడ్ పి నుంచి వచ్చేస్తుంది, పిల్లలున్న ఇంట్లో ఇది ఒక్కరోజు కూడా వదిలేసే విషయం కాదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ పాత బండి కొన్నా ముందు మ్యాట్ తీసి అక్కడ ఏమైనా ముక్కలు పడ్డాయా అని చూస్తాం.

బ్యాటరీ పడిపోతే

బ్యాటరీ పూర్తిగా పోతే సోలినాయిడ్ తెరుచుకోదు. జంపర్ వేసే వరుస: ఎర్ర కేబుల్ ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బండి ప్లస్‌కు, నల్ల కేబుల్ మంచి బండి మైనస్‌కు, చివరి నల్ల కొస మీ ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు వెనక నుంచి ముందుకు. ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక: దారిలో ఆగి సాయం చేసేది ఎక్కువగా లారీవాళ్లే, మంచి మనుషులు, కానీ చాలా లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, మీ కారుది 12. అక్కడి నుంచి కేబుల్ తెచ్చి పెడితే కారు కంప్యూటర్లు కాలిపోతాయి. ఇంకో కారు వచ్చేదాకా ఆగండి. తోసి స్టార్ట్ చేయడం ఆటోమేటిక్‌లో కుదరదు, ఆ ప్రయత్నం వద్దు.

బ్యాటరీ బాగుందో లేదో మల్టీమీటర్ ఉంటే తేలిపోతుంది. బండి కొన్ని గంటలు ఆగాక 12.4 నుంచి 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా దాదాపు 13.5 నుంచి 14.5.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

రాడ్‌ను రెండు చేతులతో పీకడం అన్నిటికన్నా పెద్దది. తాళం పడి ఉన్నప్పుడు పీకితే బటన్ లోపలి ప్లాస్టిక్ విరుగుతుంది, లేదా కేబుల్ కొస ఊడుతుంది, అప్పుడు రాడ్ పి లో ఉన్నట్టు కనిపిస్తూనే గేర్‌బాక్స్ ఇంకెక్కడో ఉంటుంది.

చెరకు రసం, కూల్‌డ్రింక్ ఒలికిన సంగతి చెప్పరు. కప్పు పెట్టుకునేది గేర్ రాడ్ పక్కనే కదా, తీపి నీళ్లు దిగి ఎండి బటన్ జిగటగా అతుక్కుంటుంది. బటన్ నొక్కి వదిలితే చురుగ్గా పైకి రాకపోతే ఇదే. ఇంట్లో డబ్ల్యూడీ-40 కొట్టేస్తారు, కింద స్విచ్‌లు ఉంటాయి, వద్దు. కన్సోల్ విప్పి శుభ్రం చేయించండి. మీరే విప్పుదామనుకుంటే ఆలోచించండి, అక్కడ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోకండి.

తాళంచెవి తిరగకపోవడాన్ని కూడా గేర్ సమస్య అనుకుంటారు. అది స్టీరింగ్ లాక్. స్టీరింగ్‌ను రెండు వైపులా కొంచెం ఊపుతూ చెవి తిప్పండి. అలాగే వానాకాలంలో నాలుగు రోజులు ఆపిన బండి డి లో పడ్డా కదలకపోతే హ్యాండ్‌బ్రేక్ తుప్పుకు అతుక్కుని ఉండవచ్చు, అది వేరే పని.

లాగించుకుని పోవడం ఇంకో పొరపాటు. పి లో ఉన్న బండిని చక్రాలు నేలమీద ఈడ్చి తీసుకెళ్తే గేర్‌బాక్స్ పోతుంది. ఫ్లాట్‌బెడ్ బండే పిలవండి. అది దొరక్కపోతే ఇంజిన్ ఏ చక్రాలను తిప్పుతుందో ఆ చక్రాలు ఎత్తాలి, చాలా కార్లలో ముందువి, క్రిస్టాలో వెనకవి.

ఇలా ఆపితే ఇరుక్కోదు

వాలు మీద ఆపేటప్పుడు నేరుగా పి లో వేసి కాలు తీసేస్తున్నారు. అలా చేస్తే బరువంతా కొక్కెం మీదే. వరుస ఇది: బ్రేక్ తొక్కి ఆపండి, ఎన్ లో వేయండి, హ్యాండ్‌బ్రేక్ బాగా లాగండి, ఇప్పుడు కాలు మెల్లగా తీయండి. బండి ఒక్క పిసరు జరిగి హ్యాండ్‌బ్రేక్ మీద కూర్చుంటుంది. మళ్లీ బ్రేక్ తొక్కి పి లో వేసి ఆపేయండి. తీసేటప్పుడు దీనికి తిరగేసి: ముందు పి నుంచి తీసి, తర్వాత హ్యాండ్‌బ్రేక్ దించాలి. వారం రోజుల్లో అలవాటైపోతుంది. సరిగ్గా చేశారా అన్నది తర్వాత బయల్దేరేటప్పుడు తెలుస్తుంది, రాడ్ వెన్నలా వస్తే సరే, ‘ధణ్’ మంటే హ్యాండ్‌బ్రేక్ వదులుగా ఉందని, బిగించుకోండి.

బాగయిందని ఎలా తెలుస్తుంది

చదును నేల మీద, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి పరీక్షించండి. బ్రేక్ తొక్కకుండా రాడ్ కదిలించి చూడండి, కదలకూడదు. కదిలితే బండి బయటికి తీయకండి. బ్రేక్ తొక్కితే ‘టిక్’ వినపడి రాడ్ వేలి బలంతో రావాలి. ఇది పదిసార్లు చేయండి, తొమ్మిదిసార్లు వచ్చి ఒకసారి రాకపోతే స్విచ్ పోబోతోందని. బ్రేక్ వదలగానే మూడు లైట్లూ ఆరాలి. చివరగా పి లో ఉండగా తాళంచెవి బయటికి రావాలి, రాకపోతే రాడ్ పూర్తిగా పి లో పడడం లేదు.

నాబ్, బటన్లు ఉన్న బండ్లకు షిఫ్ట్ లాక్ రిలీజ్ గాడి ఉండదు, గేర్‌కూ తీగే, అన్నిటికీ కరెంటే. వాళ్లు చేయగలిగింది 12 వోల్టుల బ్యాటరీకి జంప్ ఇచ్చి మళ్లీ ప్రయత్నించడం, అంతకుమించి కంపెనీవాళ్లనే పిలవాలి. హ్యాండ్‌బ్రేక్ కూడా బటన్‌దే అయితే రాళ్లు తప్పనిసరి.

ఎవరికి ఫోన్ చేసినా, బరంపురంలో మెకానిక్ అయినా విశాఖలో సర్వీస్ సెంటర్ అయినా, “గేర్ ఇరుక్కుపోయింది” అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా, ‘టిక్’ వినిపిస్తోందా, బండి వాలు మీద ఉందా, ఈ మూడూ చెప్పండి. వచ్చేవాడు ఫ్యూజు తేవాలో, స్విచ్ తేవాలో, టోయింగ్ బెల్ట్ తేవాలో అక్కడే తెలిసిపోతుంది.